చూసేవాడి ధర్మం

ఆడేది ఏడుగురు. దెబ్బలు తగిలేది వాళ్లకు. ఇంట్లో కూర్చొని చూసినవాడికి మాత్రం ఆ రాత్రి కోపంతో అన్నం సయించదు. ఆ కోపానికి మనకు హక్కుందా? ఉంటే అది ఎక్కడి నుంచి వచ్చింది? వ్యాయామ ఉపాధ్యాయుడిగా ఉద్యోగమంతా కబడ్డీ కోర్టు పక్కనే గడిపిన నాకు ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్నగానే కనిపిస్తుంది.

ముందు లెక్క చెప్పుకోవాలి. ప్రో కబడ్డీ ఎనిమిదో సీజన్‌లో మన తెలుగు టైటాన్స్ 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటే గెలిచింది. తొమ్మిదో సీజన్‌లో 22 ఆడితే రెండు. పదో సీజన్‌లో మళ్లీ 22, మళ్లీ రెండే. 2021 డిసెంబరు నుంచి 2024 దాకా 66 మ్యాచ్‌లు, 5 గెలుపులు. మూడుసార్లూ పన్నెండు జట్లలో పన్నెండో స్థానమే. మొదటి నుంచీ ఇట్లా ఉన్న జట్టు కాదిది. 2014లో లీగ్ పుట్టినప్పుడే పుట్టింది. 2015లో మూడో స్థానంలో నిలిచింది. 2016లో సెమీఫైనల్ ఆడింది. జట్టు రైడర్ రాహుల్ చౌదరి కూతకు లేచాడంటే మా భూపాలపల్లిలో చాయ్ గ్లాసులు ఎక్కడివక్కడ ఆగిపోయేవి. మంచిరోజులు చూసినవాళ్లకు చెడ్డరోజులు మరింత బరువు.

మా ఊరు బొగ్గు ఊరు. మొదటి షిఫ్టు దిగినవాళ్లు స్నానం చేసి, తిని, రాత్రి ఎనిమిదింటికి టీవీ ముందు చేరతారు. మంజూర్‌నగర్ దిక్కు హోటల్‌లో ఆ మూడు సీజన్లూ వినిపించిన మాటలు నాకింకా గుర్తున్నాయి. "కోచ్‌ని మార్చాలె", "గీ కవర్ గాడు ఎందుకున్నడు", "కోట్లు పెట్టి కొనుడెందుకు, కూసోబెట్టుడెందుకు". ఒకరోజు ఇంటర్ చదివే పిల్లగాడొకడు అందరినీ నిలదీశాడు. "మీరు టికెట్ కొనలే, కూతకు పోలే, మ్యాట్ మీద కాలు పెట్టలే. మీకెందుకింత కోపం?" అని. ఎవరూ జవాబియ్యలేదు. ఆ జవాబే ఇక్కడ వెతుకుతున్నాను.

పిల్లగాడి ప్రశ్న వెనక భగవద్గీత ఉంది. కురుక్షేత్రంలో కృష్ణుడు అర్జునుడికి పనిని, ఫలితాన్ని విడదీసి చూపించాడు. పని నీది, ఫలితం మీద నీకు పట్టు లేదన్నాడు. ఆ మాట ఆటగాడికి సరిగ్గా సరిపోతుంది, కోచ్‌కూ సరిపోతుంది. మరి అభిమాని సంగతేమిటి? అతనికి పనే లేదు. ఉన్నదల్లా ఫలితం. గెలిస్తే మనం గెలిచామంటాడు, ఓడితే వాళ్లు ఓడారంటాడు. ఏ విత్తనమూ వేయకుండా పంట అడిగేవాడికి ఏ శాస్త్రమూ హక్కు రాసివ్వదు. ఇంతవరకు పిల్లగాడిదే గెలుపు.

అయితే ముండకోపనిషత్తులో ఒక బొమ్మ ఉంది. ఒకే చెట్టు మీద రెండు పక్షులు, విడదీయరాని స్నేహితులు. ఒకటి పండు తింటుంది. రెండోది తినదు, చూస్తూ ఉంటుంది. తినే పక్షి తీపికీ చేదుకూ లోనై దుఃఖపడుతుంది. చూసే పక్షి వైపు తల తిప్పినప్పుడు దాని దుఃఖం తీరుతుంది. వేదాంతులు దీన్ని జీవుడి గురించి, పరమాత్మ గురించి చెప్తారు. ఆ పెద్ద అర్థానికి నేను చెయ్యి పెట్టను. కానీ చూడటాన్ని ఉపనిషత్తు ఊరికే కూర్చోవడంగా లెక్కగట్టలేదన్నది నన్ను పట్టుకున్న సంగతి. తినే పక్షిని బయటపడేసేది ఆ చూపే.

అభిమాని కూర్చున్నది చూసే పక్షి కొమ్మ మీద. అతని నోరు మాత్రం పండు మీదే ఉంటుంది. మన అశాంతికి మూలం ఇదే. అభిమానికి పనే లేదన్న మాట అందుకే నిజం కాదు. అతని పని చూడటం. ఆ పని సరిగ్గా చేసినవాడికే మాట్లాడే హక్కు, కోపపడే హక్కు కూడా.

సరిగ్గా చూడటం అంటే ఏమిటో ఒక్క రైడ్‌తో చెప్తాను. మధ్యగీత నుంచి బాక్ లైన్ 3.75 మీటర్లు. అక్కడి నుంచి బోనస్ గీత ఇంకో మీటరు. రైడర్ ఎడమ కార్నర్ దిక్కుకు జరిగి బోనస్ గీత దాటేలా కాలు చాపుతాడు. వెనక కాలు గాల్లో ఉంటేనే బోనస్. కార్నర్ ఆటగాడు రైడర్ మొహం చూడడు, మోకాలి కింద చూస్తాడు. ఒంటి బరువు మొత్తం ఆ ముందు కాలు మీదికి వచ్చే క్షణం కోసం ఆగి, రాగానే మడమ మీదికి దూకుతాడు. పట్టు దొరుకుతుంది. ఇక్కడితో పని అయిపోలేదు. మడమ దొరికిన రైడర్ ఒళ్లు మెలితిప్పి, పట్టినవాణ్ని ఈడ్చుకుంటూ మధ్యగీత వైపు పడతాడు. పక్కనున్న కవర్ ఆ లోపే నడుం అందుకోవాలి. అర క్షణం ఆలస్యమైతే రైడర్ చెయ్యి గీతకు తగులుతుంది. పాయింటు పోతుంది, కార్నర్ బయటికి నడుస్తాడు. టీవీలో అతని మొహమే కనిపిస్తుంది, హోటల్‌లో అతనికే తిట్లు పడతాయి. అతను తన పని పూర్తిగా చేశాడు. ఆలస్యమైంది కవర్. ఎందుకు ఆలస్యమైంది? కార్నర్ ఎప్పుడు దూకుతాడో అతనికి ఒంట్లో తెలియదు. ఎందుకు తెలియదు? ఇద్దరూ కలిసి ఆడింది నిండా రెండు నెలలు కూడా లేదు. అది ఎవరి తప్పు? ఇట్లా ఒక్కో మెట్టు దిగుతూ పోతే చూపు ఒక మనిషి దగ్గర ఆగదు.

గీత చివరి అధ్యాయంలో ఈ మెట్లన్నిటికీ పేర్లున్నాయి. ఏ పని జరగడానికైనా ఐదు కారణాలంటాడు కృష్ణుడు. అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. అది తెలియక ఒక్కణ్నే కర్తగా చూసేవాడు అసలు చూడనివాడేనని తేల్చిచెప్తాడు. ఆత్మ విషయంలో చెప్పిన మాట అది. నేను దాన్ని కబడ్డీ కోర్టుకు తెచ్చి చూశాను, సరిపోయింది.

అధిష్ఠానం అంటే పనికి ఆధారమైన తావు. పెద్దలు దాన్ని శరీరమన్నారు. నేను ఆటగాడి ఒంటినీ, అతని కాళ్ల కింది నేలనూ కలిపి అనుకుంటాను. 2019లో 1.45 కోట్లకు వచ్చిన సిద్ధార్థ్ దేశాయ్ ఎనిమిదో సీజన్ మొదట్లోనే భుజం దెబ్బతో ఆటకు దూరమయ్యాడు. అక్కడ ఒళ్లు లొంగలేదు. మా బడి పిల్లలకు నేల లొంగలేదు. ఎర్రమట్టి మీద సున్నం గీతలు గీసి, ఉత్తికాళ్లతో నేర్పిన పిల్లలు వాళ్లు. మండలంలో వాళ్లను పట్టేవాళ్లు లేరు. పై పోటీలకు వెళ్తే అక్కడ మ్యాట్. మట్టిలో మడమ దిగబడి ఆనిక దొరికేది. మ్యాట్ మీద ఆ ఆనిక లేదు. కొత్త బూట్లు కాలిని పట్టేస్తాయి. దూకిన పిల్లవాడు జారిపోయి మోకాలు కాల్చుకున్నాడు. వాడి గుండెలో, వాడి కూతలో లోపం లేదు. నేల మారింది, అంతే.

కర్త అంటే ఆడేవాడు. పదో సీజన్‌లో టైటాన్స్‌కు పవన్ సెహ్రావత్ వచ్చాడు, 2.605 కోట్లు పెట్టి. ఆ సీజన్‌లో అతను 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. కర్తగా అతను చేయని పని లేదు. అయినా జట్టు అట్టడుగునే ఉంది. అతను అవుటై బెంచీ మీద కూర్చున్న నిమిషాల్లో అతన్ని తిరిగి లేపుకొచ్చే డిఫెన్స్ లేదు. అదే కరణాల లోటు. పనిముట్టు లేకుండా కర్త ఏం చేస్తాడు?

చేష్టలంటే కలిసి చేసే కదలికలు. డిఫెన్స్‌లో ఇద్దరు చెయ్యీ చెయ్యీ పట్టుకొని గొలుసుగా నిలబడతారు. ఆ పట్టులో ఒకరి వేళ్ల బిగువు నుంచి రెండోవాడికి కబురు అందాలి. అది వేలంపాటలో దొరికే సరుకు కాదు, నెలల తరబడి కలిసి ఆడితే వచ్చేది. ఏడో సీజన్‌కు ఇరాన్ నుంచి గొలామ్‌రెజా మజందరానీ, ఎనిమిదికి జగదీశ్ కుంబ్లే, తొమ్మిదికి వెంకటేశ్ గౌడ్, పదికి శ్రీనివాస్ రెడ్డి. సీజన్‌కో కోచ్, కోచ్‌కో కొత్త జట్టు. తొమ్మిదో సీజన్‌లో సుర్జీత్ సింగ్, రవీందర్ పహల్, విశాల్ భరద్వాజ్ లాంటి పేరున్న డిఫెండర్లు ఒకేచోట చేరారు. అయినా 22 మ్యాచ్‌ల్లో 20 ఓటములు. పేర్లన్నీ ఉన్నాయి, పేర్ల మధ్య ఉండాల్సింది లేదు.

చివరిది దైవం, మన చేతిలో లేనిది. అప్పటి లెక్కలో ఏడు పాయింట్లలోపు తేడాతో ఓడితే ఓడిన జట్టుకూ ఒక పాయింటు. ఎనిమిదో సీజన్‌లో టైటాన్స్ ఓడిన 17 మ్యాచ్‌ల్లో 10 అట్లాంటివే. ఇంకో నాలుగు టై. ఆ పదింటిలో సగం అటు తిరిగి ఉంటే జట్టు పేరు మరోలా వినిపించేది. అట్లాగని దైవం మీద వేసేసి చేతులు దులుపుకోవడానికి లేదు. ఐదింటిలో అది ఒకటి, అంతే.

ఇది మన దగ్గరి సంగతే అనుకోవద్దు. రగ్బీ లీగ్ అనే ఆట ఇంగ్లండ్ ఉత్తరాన మిల్లు ఊళ్లలో, బొగ్గు ఊళ్లలో పెరిగింది. పని మానుకొని ఆడే కార్మికులకు పోయిన కూలీ కట్టియ్యాలన్న తగవు మీద 1895లో హడర్స్‌ఫీల్డ్‌లో అది విడిపోయింది. ఇవాళ ఆ ఆటకు ఆస్ట్రేలియాలోనూ పెద్ద లీగ్ ఉంది. సిడ్నీలో వెస్ట్స్ టైగర్స్ అనే జట్టు 2022, 2023, 2024 మూడేళ్లూ ఆఖరి స్థానంలో నిలిచింది. దాదాపు మన మూడు సీజన్ల కాలంలోనే. 2022లో నడి సీజన్‌లో కోచ్‌ను తీసేశారు. 2023కు టిమ్ షీన్స్‌ను పిలిచారు. ఆ జట్టు గెలిచిన ఒకే ఒక్క టైటిల్, 2005ది, తెచ్చిన కోచ్ ఆయనే. ఆయన కిందా జట్టు ఆఖరునే ఉంది. 2005లో అదే జట్టుకు ఆడిన బెంజీ మార్షల్ 2024లో కోచ్ అయ్యాడు, మళ్లీ ఆఖరు స్థానమే. ఒకే మనిషి ఒకసారి శిఖరం మీద, ఇంకోసారి అడుగున. మనిషి మారలేదు, మిగిలిన నాలుగూ మారాయి.

మరి ఒక్కణ్నే ఎందుకు పట్టుకుంటాం? ఐదు కారణాలను చూడాలంటే ఓపిక కావాలి. ఒక పేరు దొరికితే దుఃఖం ఒక చోట కుదురుకుంటుంది. ఊళ్లో వాన పడకపోతే ఎవరి పాపమో వెతికే మనసే ఇది. ఆ మనసును నేను చులకన చేయను. బాధ పెద్దదైనప్పుడు మనిషికి చిరునామా కావాలి. కానీ చిరునామా దొరికిన మరుక్షణం మనం చూడటం మానేస్తాం. అక్కడే మన ధర్మం తప్పుతుంది. పేరు పెట్టి తిట్టినవాడు తర్వాతి రైడ్‌లో కవర్‌ను చూడడు, తనకు కావాల్సిన తప్పు కోసమే చూస్తాడు.

ఇట్లా అంటే కోచ్‌ను వదిలేస్తున్నావా అని అడగవచ్చు. లేదు. ఐదు కారణాల మాటను అడ్డం పెట్టుకొని తప్పించుకునేవాళ్లను కూడా నేను చూశాను. అందరి తప్పు అంటే ఎవరి తప్పూ కాదని దాని అర్థం కాకూడదు. ఎవరి వాటా వాళ్లకు చెప్పాలి. కోచ్ వాటా ఏమిటో నాకు తెలుసు, ఆ పని చేసినవాణ్ని కనుక. కార్నర్‌నూ కవర్‌నూ కలిపి ఆడించడం అతని వాటా. ఓడుతున్నామని తెలిసిన చివరి ఐదు నిమిషాల్లో ఆటగాడు బాక్ లైన్ దాటి లోపలికి వెళ్లేట్టు గుండె నిలపడం అతని వాటా. రెండు ఖాళీ కూతల తర్వాత మూడోది తప్పనిసరి కూత అవుతుంది. అప్పుడు ఎవర్ని పంపాలో ముందే తేల్చి పెట్టడం అతని వాటా. వీటి మీద కోపపడు, పేరు పెట్టి అడుగు. గెలుపు ఇయ్యలేదని మాత్రం అడగకు. గెలుపు అతని చేతిలో పూర్తిగా లేదు.

కోపపడుతూనే వదలకుండా ఉండటం మన దిక్కు భక్తికి కొత్త కాదు. గోదావరి ఎగువన కాళేశ్వరం మా జిల్లాది, దిగువన భద్రాచలం ఉంది. అక్కడ గుడి కట్టించిన కంచర్ల గోపన్నను తానీషా గోల్కొండ చెరలో పెట్టించాడు. రామదాసుగా ఆయన ఆ చెరలోంచి రాముణ్ని నిలదీశాడు. నీకు నగలు చేయించింది నేను కాదా, ఎవరి సొమ్మని కులుకుతున్నావని లెక్కలు అప్పజెప్పాడు. అంత కోపంలోనూ ఇంకో దేవుణ్ని వెతుక్కోలేదు. తిట్టింది రాముణ్నే, ఎదురుగా నిలబెట్టి. వదిలిపోదలచుకున్నవాడు అట్లా తిట్టడు, మౌనంగా వెళ్లిపోతాడు. రామదాసు కోపానికి అర్హత ఆయన నిలిచి ఉండటంలోంచే వచ్చింది. మూడు సీజన్లు ఆఖరు స్థానం చూసి కూడా నాలుగో సీజన్‌కు టీవీ పెట్టినవాడికీ అంతో ఇంతో ఆ అర్హత ఉంది. రెండు మ్యాచ్‌లు చూసి దబంగ్ ఢిల్లీ జట్టు వైపు వెళ్లిపోయినవాడికి కోపం ఉండొచ్చు కానీ హక్కు లేదు.

ఇక ఓటమి సంగతి. మా ప్రాంతంలో పుట్టినవాడు ఓటమిని చులకనగా చూడలేడు. 2019లో ములుగు వేరు జిల్లా అయ్యేదాకా మేడారం మా జిల్లాలోనే ఉండేది. రెండేళ్లకోసారి మాఘంలో అక్కడికి చేరే జనం ఎవరికి మొక్కుతున్నారు? కరువులో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయ సేన మీదికొస్తే ఎదురు నిలిచి ఓడినవాళ్లకు. కోయల కథ ప్రకారం పగిడిద్దరాజు, నాగులమ్మ, సారలమ్మ పోరులో ఒరిగారు. జంపన్న సంపెంగ వాగులో దూకితే అది జంపన్న వాగైంది. సమ్మక్క వెన్నుపోటు తిని చిలుకలగుట్ట వైపు నడిచి కనిపించకుండా పోయింది. గెలిచిన రాజులు కోటలు మిగిల్చిపోయారు. జనం నిలువెత్తు బెల్లం తూచి బంగారమని అప్పజెప్పేది మాత్రం ఈ ఓడిన తల్లీబిడ్డలకే.

ఓడారు కాబట్టి మొక్కడం లేదు. ఓటమి దానంతటదే పుణ్యం కాదు. ఓడినవాళ్లందరికీ గద్దెలు లేవు. వాళ్లు చేయాల్సిన పనిలో ఏ లోటూ లేదని, ఆఖరిదాకా నిలిచారని ఎవరో చూశారు. చూసినవాళ్లు చెప్పారు. విన్నవాళ్లు తరతరాలుగా చెప్తున్నారు. సరిగ్గా చూసినవాళ్లు లేకుంటే సమ్మక్క కథ కప్పం ఎగ్గొట్టి ఓడిన ఊరి లెక్కగా ఏదో దస్తావేజులో ముగిసిపోయేది. చూసేవాడి పని ఎంత బరువైందో అర్థం చేసుకోవడానికి నాకు ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

కబడ్డీని మేడారంతో సమానం చేస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. అది ప్రాణాల సంగతి, ఇది ఆట. కొలిచే బద్ద మాత్రం ఒకటే. ఓడాడా అని కాదు, నిలిచాడా అని అడగాలి. ఆఖరి ఐదు నిమిషాల్లో పదిహేను పాయింట్లు వెనకబడి కూడా మడమ కోసం దూకిన కార్నర్ నిలిచినవాడు. బాక్ లైన్ దగ్గరే తిరిగి ముప్పై సెకన్లు గడిపి వెనక్కొచ్చిన రైడర్ గెలిచిన జట్టులో ఉన్నా నిలవనివాడు.

ఈ బద్దకు అసలు పరీక్ష గెలుపులోనే. పదకొండో సీజన్‌కు టైటాన్స్ కోచ్‌గా కృష్ణకుమార్ హుడా వచ్చాడు. టైటాన్స్ ఒకే మ్యాచ్ గెలిచిన ఆ ఎనిమిదో సీజన్‌లోనే దబంగ్ ఢిల్లీకి టైటిల్ తెచ్చిన కోచ్ ఈయన. 2024లో జట్టు 12 మ్యాచ్‌లు గెలిచి ఏడో స్థానానికి ఎక్కింది. 2025లో పవన్ లేడు. విజయ్ మాలిక్ నాయకుడు. జట్టు ప్లేఆఫ్స్‌కు చేరి, ఫైనల్‌కు ఒక్క మెట్టు ఇవతల పుణేరీ పల్టన్ చేతిలో ఆగి, మూడో స్థానంలో నిలిచింది. అదే హోటల్‌లో అవే నోళ్లు ఇప్పుడు హుడాను దేవుడంటున్నాయి. నిన్న ఓటమినంతా ఒక్కడి నెత్తిన పెట్టాం, ఇవాళ గెలుపునంతా ఒక్కడి మెడలో వేస్తున్నాం. రెండుసార్లూ చూసింది ఒక్కణ్నే. ఆయన గొప్ప కోచే. ఆ గొప్పదనం ఏ పనిలో ఉందో చెప్పగలిగినవాడే ఆయన్ను నిజంగా మెచ్చుకున్నవాడు. రేపు ఇదే జట్టు మళ్లీ జారితే, ఇవాళ చూడకుండా పొగిడిన నోరే రేపు చూడకుండా తిడుతుంది.

ఆ పిల్లగాడికి ఇప్పుడు జవాబు చెప్తాను. మేము కూతకు పోలేదు, నిజమే. మా పని చూడటం. ఐదు కారణాలూ కనిపించేదాకా చూసి, ఎవరి వాటా వాళ్లకు చెప్పి, ఓడినరోజు కూడా టీవీ ముందు నుంచి లేవనివాడికి కోపపడే హక్కుంది. ఆ పని చేయకుండా ఫలితం ఒక్కటే అడిగేవాడికి లేదు. గీత ఆటగాడికి చెప్పిన మాటే మనకూ వర్తిస్తుంది. మన వంతు పని మనం పూర్తిగా చేయాలి, గెలుపు వస్తే రానీ. వచ్చే సీజన్‌లో హోటల్‌లో ఎవరైనా కోచ్‌ను తిడితే నేను అడ్డుపడను. ఏ రైడ్‌లో, ఏ కవర్ ఎప్పుడు ఆలస్యమైందో చెప్పమని అడుగుతాను. చెప్పగలిగితే అతని పక్కనే కూర్చొని నేనూ కోపపడతాను.